ఓ సేఫ్టీ ల్యాంపు ఆత్మకథ

ఈ దీపానికి ‘నేను’ అని చెప్పుకునే అలవాటు లేదు. మందమర్రి కల్యాణిఖని గనుల్లో పనిచేసినన్నాళ్లూ దానికి ఉన్నది ఒక నంబరు మాత్రమే. ల్యాంపురూం రిజిస్టర్లో ఆ నంబరు ఎదురుగా దాన్ని తీసుకెళ్లిన సర్దారు, అంటే గనిలో భద్రత చూసే ఉద్యోగి, సంతకం ఉండేది. అందుకే తన కథనూ వేరెవరిదో చెబుతున్నట్టే చెప్పుకొస్తుంది.

ఇత్తడి అడుగు, మందపాటి గాజు, ఆ పైన ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు వల గొట్టాలు, వాటికో తొడుగు, పట్టుకోవడానికి కొక్కెం. దాని ఒళ్లంతా ఇంతే. ఇందులో పనిలేని భాగం ఒక్కటీ లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు దీపం గొంతులో ఇప్పటికీ గర్వం పలుకుతుంది.

గనిలో వెలుగు కోసమైతే కార్మికుల నెత్తిన క్యాప్ ల్యాంపులు ఉండేవి. ఈ దీపం పని గ్యాసు చూడటం. సర్దారు ఒత్తి తగ్గించి, దాన్ని మెల్లగా పైకప్పు దాకా ఎత్తేవాడు. మీథేన్ గాలికంటే తేలిక కాబట్టి పైనే చేరుతుంది. అది ఉంటే మంట మీద లేత నీలి టోపీ లేస్తుంది. టోపీ ఎత్తును బట్టి గ్యాసు శాతం తెలుస్తుంది. 1.25 శాతానికి చేరిందంటే పని ఆపి మనుషుల్ని వెనక్కి పంపాల్సిందే. 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, గని పేలిపోతుంది. ఇక ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోయిన చోట దీపం తనంత తానే ఆరిపోతుంది. ఆరిపోవడమూ దాని ఉద్యోగంలో భాగమే.

తట్టా చెమ్మసు (పార) పట్టుకున్న కోల్‌ఫిల్లర్లు సర్దారు ముఖం వైపు చూసేవారు. సర్దారు మంట వైపు చూసేవాడు. వాళ్లలో ఎవరూ దీపాన్ని వివరం అడగలేదు. అడగాల్సిన అవసరం రాకపోవడమే తన జీవితంలో దక్కిన పెద్ద గౌరవమని అది అనుకుంటుంది.

అయితే ఆ నమ్మకం ఊరికే రాలేదు. 1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో పేలుడు 92 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1815లో హంఫ్రీ డేవీ సన్నటి లోహపు వలలోంచి మంట బయటికి దాటదని చూపించాడు. వల మంట వేడిని లాగేసుకుంటుంది కాబట్టి బయటి గ్యాసు అంటుకోదు. పేటెంటు వద్దన్నాడు. గనులవాళ్లు దీపాన్ని గుడ్డిగా నమ్మారు. ప్రమాదమని మూసేసిన చోట్లు మళ్లీ తెరిచారు, తుప్పు పట్టిన వలలతోనే కిందికి దింపారు. పేలుళ్లు తగ్గలేదు. షిఫ్టు షిఫ్టుకీ ల్యాంపురూంలో వల, గాజు, తాళం పరీక్షించి ఇచ్చే పద్ధతి స్థిరపడ్డాకే దీపం మాటకు విలువ నిలిచింది.

గ్యాసును అంకెల్లో చూపే పరికరాలు వచ్చాక దీనికి పని తగ్గింది. చేతులు మారి ఒక ఇంటికి చేరింది. అక్కడ జరిగినదాన్ని ఈ దీపం ఇంకా మరిచిపోలేదు. అందంగా ఉండాలని ఒంటినిండా బంగారు రంగు పూశారు. ఆ రంగు వల కన్నాల్లోకి దిగి గడ్డకట్టింది. దీపం ఊపిరి పీల్చేది ఆ కన్నాల్లోంచే. తర్వాత రంగుల బల్బు పెట్టడానికి ఇత్తడి అడుగుకు బొక్క వేసి, వైరు దూర్చారు. ఏళ్ల తరబడి ఎంతోమంది తనను నమ్మి కిందికి దిగారంటే, ఒక్క అనవసరపు సందు కూడా లేనందువల్లే. ఆ సందు ఇప్పుడు షోకేసు కోసం పడింది. పండగలకు బల్బు వెలిగేది, మిగతా రోజుల్లో దుమ్ము. చుట్టాలొచ్చి బాగుందనేవారు. ఏం చేసేదని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడిగింది బడి పిల్లలు. మందమర్రిలోనే ఒక పాఠశాలలో డిజైన్ ప్రదర్శన పెట్టాలని బయల్దేరారు. మొదట వాళ్ల పట్టికా పొడవుగానే ఉంది: థర్మాకోల్ గని, లైట్ల దండలు, గోడ నిండా చార్టులు. వాళ్ల టీచరమ్మ 2006లో జాన్ మేడా అనే డిజైనర్ సరళత గురించి రాసిన పది సూత్రాలు చెప్పింది. మొదటిది తగ్గించడం, ఎనిమిదోది నమ్మకం. చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబునే గొప్ప డిజైనుగా ఎంచిన సంగతీ చెప్పింది. ఆ నివేదిక తర్వాతే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ మొదలైంది.

పిల్లలు పట్టిక కొట్టేసి నాలుగే వస్తువులు ఉంచారు: సద్దిగిన్నె, తట్ట, చెమ్మసు, ఈ దీపం. ఒక్కోదానికి ఒక్కో బల్ల. మూడే వాక్యాల చీటీ: ఏం చేసేది, ఎలా చేసేది, ఇప్పుడు ఏం పోయింది. తాళ్లు కట్టలేదు, ముట్టుకోవద్దనే బోర్డు పెట్టలేదు. ప్రశ్న అడిగితే చెప్పడానికి పక్కన ఒక విద్యార్థి. మనుషుల్ని నమ్మితే మనుషులూ నమ్ముతారన్న ఆ లెక్క దీపానికి నచ్చింది. ల్యాంపురూం నడిచిందీ అలాగే: ఒక దీపం, ఒక సంతకం, ఒక మనిషి పూచీ.

పేచీ ఒక్కటే వచ్చింది. బొక్క ఉన్న వైపు గోడకు తిప్పి బల్బు వెలిగిద్దామని కొందరన్నారు. చూడటానికి వచ్చిన ఒక రిటైర్డ్ సర్దారు దీపాన్ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో వల తడిమి చూశాడు.

“గా బొక్కను జనం దిక్కే పెట్టున్రి బిడ్డా. బొక్కవడ్డ దీపం వట్టుకొని బాయిల దిగుతమా? దాస్తే ఇగ మిగిలినయన్ని ఎట్ల నమ్ముతరు?”

వైరు తీసేశారు. ఇత్తడికి అంటిన రంగు గీకేశారు. వలలో రంగు మాత్రం పోలేదు. చీటీ మూడో వాక్యంలో ఉన్నదున్నట్టు రాశారు: వల మూసుకుపోయింది, అడుగుకు బొక్క పడింది, ఇది ఇక గనికి పనికిరాదు. అన్నింటికంటే ఎక్కువసేపు జనం నిలబడి ప్రశ్నలు అడిగింది ఆ బల్ల దగ్గరే. తన గురించి రాసిన వాటిలో ఆ వాక్యమే సరైనదని ఈ దీపం తీర్పు.

మీ ఇంట్లో ఇలాంటి దీపం ఉంటే రంగు పూయకండి, తీగ దూర్చకండి. పిల్లలు ప్రదర్శనకు అడిగితే ఉన్నది ఉన్నట్టే ఇవ్వండి. ఏం పాడైందో కూడా చెప్పి ఇవ్వండి.