స్క్రిప్టు నెత్తిన ఒక వరుస: టీకా తాత్పర్యం

మూలం: # షెల్‌చెక్ షెల్=బాష్

ప్రతిపదార్థం: # = వ్యాఖ్య అనే గుర్తు చేత (షెల్లు చదవకుండా దాటిపోయేటట్లుగా); షెల్‌చెక్ = విడార్ హోలెన్ హాస్కెల్‌లో రచించిన ఆ తప్పులెన్ను పరికరానికి; షెల్ = ఈ స్క్రిప్టును నడపబోయేది; =బాష్ = బాషే సుమా (అని విన్నపం).

తాత్పర్యం: ఏ షెల్లు కోసం రాశామో చెప్పకుండా తప్పులు చూడమంటే చూసేవాడు చూడలేడు. పోలికకు భూమి కొలత చూడండి: ఆంధ్రప్రదేశ్‌లోని పెద్దతిప్పసముద్రం మండలాన్ని ఆనుకునే కర్ణాటక ఉంది. ఒక కాగితం మీద విస్తీర్ణం 2-20 అని ఉందనుకోండి. ఇవతల ఎకరాకు 100 సెంట్లు గనుక అది రెండెకరాల ఇరవై సెంట్లు. అవతల ఎకరాకు 40 గుంటలు గనుక రెండున్నర ఎకరాలు. ముప్పై సెంట్ల పేచీ! కాగితంలో దోషమేమీ లేదు, ఎంతసేపు తేరిపార చూసినా తేలదు. స్క్రిప్టు సంగతీ ఇంతే. ఎకో ఆజ్ఞకు ఇచ్చిన మాట మధ్యలో వెనుకవాటు గీత, దాని పక్కన ఎన్ అక్షరం ఉంటే డాష్ అనే మరో షెల్లు కొత్త వరుసకు దిగుతుంది. బాష్ మామూలుగా ఆ రెంటినీ ఉన్నవి ఉన్నట్టే చూపిస్తుంది. రెండు చోట్లా వ్యాకరణం శుద్ధమే.

శంక: రాతను బట్టి పరికరమే పోల్చుకోరాదా, జోడు చదరపు బ్రాకెట్లు కనబడితే బాష్ అని తెలియదా? తెలియదు. బాష్ కోసమే రాసి ఉండవచ్చు, ఎస్‌హెచ్ కోసం రాస్తూ పొరబడి ఉండనూ వచ్చు. పట్టుకోవలసిన తప్పునే సాక్ష్యానికి పిలిస్తే ఇక విచారణ దేనికి? పైగా డాష్‌కు ఆ బ్రాకెట్లు ఎక్కడా దొరకని ఆజ్ఞ. అవి ఇఫ్ పక్కన ఉంటే షరతు తప్పినట్టు లెక్కగట్టి, ఒక ఫిర్యాదు ముక్క విసిరి, స్క్రిప్టు ఆగకుండా ఎల్స్ దారి పడుతుంది. ఆగిపోయినా బాగుండేది. 2006లో ఉబుంటు 6.10 తన /బిన్/ఎస్‌హెచ్‌ను బాష్ నుంచి డాష్‌కు మార్చినప్పుడు, పైన ఎస్‌హెచ్ అని రాసుకుని లోపల బాష్ సొగసులు పోయిన స్క్రిప్టులు బోర్లాపడ్డాయి. వాటిలో ఒక్క అక్షరమూ మారలేదు.

మరో పూర్వపక్షం: #!తో మొదలయ్యే తొలి వరుస ఉండగా ఈ వ్యాఖ్య ఎందుకు? అది సరిగా ఉంటే నిజంగానే అక్కర్లేదు. స్క్రిప్టును నేరుగా నడిపితే కెర్నెల్ కూడా దానినే పాటిస్తుంది గనుక అదే ఉత్తమ పక్షం. వేరే స్క్రిప్టులోకి సోర్స్ చేసుకునే ఫైళ్లకు మాత్రం ఆ వరుస సాధారణంగా ఉండదు. అప్పుడే షెల్‌చెక్ ఎస్‌సీ2148 అంటూ లక్ష్యం తెలియదని మొరపెట్టుకుంటుంది. ఆ మొర వినబడకుండా చేసే ఉపాయమూ ఉంది, వాడేవారూ ఉన్నారు. ప్రశ్న మాత్రం అక్కడే ఉంటుంది. ఇంకొక చిక్కు: #! వరుసలో ఎస్‌హెచ్ అనీ, ఈ వ్యాఖ్యలో బాష్ అనీ ఉంటే షెల్‌చెక్ దగ్గర వ్యాఖ్య మాటే నెగ్గుతుంది, నడిపేటప్పుడు ఎస్‌హెచ్ వస్తుంది. కాబట్టి ఫైలును నిజంగా నడిపేదేదో కనుక్కుని ఆ పేరే రాయండి, అదీ మొదటి ఆజ్ఞకు ముందే. జెడ్‌షెల్ కోసం రాసేవారికి షెల్‌చెక్‌లో చోటు లేదు. బాష్ అని బొంకి గండం గడుపుకోకండి.