హ్యాండిలు సంచి సిద్ధాంతి

కడప జిల్లా ఎర్రగుంట్ల, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీలకూ, కలమళ్ల దగ్గరి 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రానికీ పల్లెల నుంచి సైకిలు మీద వచ్చిపోయేవారిలో ఒక విశిష్ట జాతి మనిషి కనిపిస్తాడు. గ్రంథకర్తలెవరూ పేరు పెట్టకుండా వదిలేశారు గనుక అతన్ని సంచి సిద్ధాంతి అనడం సబబు. ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చాక ఈ జాతి పలచబడింది గానీ అంతరించలేదు. రోజును ఎ, బి, సి అని ఎనిమిదేసి గంటల షిఫ్టులుగా పంచే ఫ్యాక్టరీ లెక్కలో, తెల్లవారి ఆరింటికి ఎక్కినా, మధ్యాహ్నం రెండింటికి ఎక్కినా, రాత్రి పదింటికి ఎక్కినా, రాకలోనో పోకలోనో ఒక దారి చీకటిలోనే గడవాలి కాబట్టి, హ్యాండిలుకు తగిలించే సంచి ఎలా ఉండాలన్నది ఇతనికి జీవితకాలపు పరిశోధన అయింది.

సంచుల మీద ఇతని తీర్పులు కఠినమైనవి. బట్టల కొట్టు సంచికి మొదటి స్పీడు బ్రేకరు దగ్గరే చెవులు తెగుతాయి. ప్లాస్టిక్ వైరుతో ఇంట్లో అల్లిన బుట్టలో చారు ఒలికినా కడిగితే పోతుంది, కానీ దాని అంచు మోకాలిచిప్పను వదలదు. ఖాళీ యూరియా గోతాన్ని కత్తిరించి కుట్టించిన సంచి ఎంత బరువైనా మోస్తుంది, అయితే దాని గరగరకు దారిలోని ప్రతి ఊరి కుక్కా లేచి పొలిమేర దాకా సాగనంపుతుంది. తాంబూలంతో ఇచ్చే పెళ్లి సంచి అన్ని విధాలా యోగ్యమైనదే గానీ, వధూవరుల పేర్లు అచ్చయిన ఆ సంచి నడిదారిలో తెగితే ఎవరి కాపురానికి ఏమవుతుందోనన్న బెంగతో దాన్ని ఇంట్లో మేకుకే పరిమితం చేస్తాడు.

వెలుగు సంగతి ఇంకా చిక్కైనది. టైరు పక్కను రాసుకుంటూ తిరిగి కరెంటు పుట్టించే డైనమో, మామూలుగా ఆరు వోల్టులు, మూడు వాట్లది, చక్రం వేగాన్ని బట్టి పనిచేస్తుంది గనుక, ఎత్తులో తొక్కేవాడితో పాటు తానూ నీరసించి, పల్లంలో అక్కర లేనంతగా మెరుస్తుంది. ఆ ఉన్న వెలుగుకు సంచి అడ్డం ఊగితే దాని నీడ రోడ్డు మీద ఏనుగంత అవుతుంది, సిద్ధాంతి దానికీ బెల్లు కొడతాడు. అందుకే సంచి దీపానికి ఎడమ పక్కకు జరిగింది.

సంగటి, ఊరిబిండి పెట్టిన క్యారేజీ కోసం మొదలైన ఆ సంచిలోకి చీకటి భయాలు ఒక్కొక్కటే వస్తువులై చేరాయి. డైనమో పోతే టార్చి, టార్చి పోతే బ్యాటరీలు, రోడ్ల పక్కన అల్లుకున్న సర్కారు తుమ్మ కంప గుచ్చుకుంటే ప్యాచీలూ సొల్యూషనూ, వాన వస్తే ప్లాస్టిక్ పట్ట. వానే అరుదైన సీమలో ఆ పట్ట మడత విప్పిన సందర్భాలు తక్కువే అయినా, దాన్ని ఇంట్లో పెట్టిన రోజే వాన పడుతుందన్నది సిద్ధాంతంలో కదపరాని సూత్రం. చివరికి చోటు చాలక క్యారేజీ వెనక సీటు మీదికి పోయింది.

ఇంత బరువు ఒక పక్క వేలాడితే హ్యాండిలు అటే లాగుతుంది కనుక, కుడి పక్క నీళ్ల సీసా తగిలించి తూకం నిలపడం ఇతని ఆవిష్కరణ. పోయేటప్పుడు తూకం కుదురుతుంది. వచ్చేటప్పటికి సీసా ఖాళీ. మళ్లీ నింపుకోవచ్చు కదా అని తోటివారు అడిగారు గానీ, తాగని నీళ్లు ఊరికే మోయడానికి ఈ నేల మీద పుట్టినవాడికి మనసొప్పదు. అదృష్టవశాత్తూ నాపరాయికి మాత్రం ఇక్కడ కరువు లేదు. కర్నూలు వైపు బేతంచెర్లలోనూ, ఇటు ఎర్రగుంట్లలోనూ పొరలుగా చీలే ఈ సున్నపురాయిని బండలుగా కోస్తారు; ముంబయి వంటిళ్లలో గట్టు మీద పరిచి కడప్పా అని పిలుచుకునేది ఈ కుటుంబపు రాయినే. కోతలో మిగిలిన తుక్కు గుట్టల్లోంచి సీసా బరువుకు సరిపోయే ముక్కను, అదీ అంచులు చదరంగా ఉన్నదాన్ని, సిద్ధాంతి రోజూ ఎంచి తెస్తాడు.

ఆ ముక్కలు పెరట్లో ఒకదాని పక్కన ఒకటి చేరి బట్టలుతికే చోటంతా పరుచుకోగా, ఆ ఉద్యోగం వల్ల కూడిన స్థిరాస్తి ఇదొక్కటేనని ఇల్లాలు నిర్ధారించింది. బెంగళూరులో ఉన్న కొడుకు ఈ మధ్య హ్యాండిలు నడుమ పట్టీలతో బిగించే, నీరు చొరని సంచిని ఆన్‌లైన్‌లో తెప్పించాడు. బరువు మధ్యలో నిలుస్తుంది కాబట్టి దానికి రాయి అక్కరలేదు. తీగలకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే పాత రాడ్ బ్రేకులు ఆ పట్టీలకు చోటివ్వవనీ, సంచి దీపానికి అడ్డమనీ సిద్ధాంతి రెండు అభ్యంతరాలు లేవదీసేలోగా ఇల్లాలే తేల్చేసింది: “బోకులు తోమే కాడ ఇంకా నాలుగు బండలు తక్కువుండాయి, అవి పడినంక ఏ సంచన్నా కట్టుకో.”