ఏడో రోజు దాటని ఇంగ్లీషు

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావాకీ పైథాన్‌కీ వచ్చిపోయే కుర్రాళ్ల మధ్య ఒక స్థిరనివాసి కనిపిస్తాడు. కోర్సులు మారతాయి, హాస్టళ్లు మారతాయి, ఆయన మారడు. ఆయన స్పోకెన్ ఇంగ్లీషు విద్యార్థి. చేతిలో ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకం. ఏడో రోజు దాకా పేజీలు నలిగి, టీ మరకలు పడి ఉంటాయి. ఎనిమిదో రోజు నుంచి కొత్త నోట్ల కట్టలా పెళపెళలాడతాయి. గ్రామరు రాదనుకునేరు! రెన్ అండ్ మార్టిన్ ఆయనకి కొట్టినపిండి. పన్నెండు టెన్సులూ ఎక్కాల్లా అప్పజెబుతాడు. బస్టాపులో ఎవరైనా ఇంగ్లీషులో ఏదైనా అడిగితే మాత్రం, ఆ పన్నెండింటిలో ఏది వాడాలో తేల్చుకునేలోపు అడిగినవాడి బస్సు వెళ్లిపోతుంది.

దీన్ని బద్ధకమనడం అన్యాయం. ఆయన సాధనలో ఎదుటి మనిషికి చోటు లేదు, చిక్కంతా అక్కడే. పుస్తకంలో పోస్టాఫీసు సంభాషణ చూడండి. గుమాస్తా స్టాంపు ధర చెప్పి, ఇంకేమైనా కావాలా అని వినయంగా అడుగుతాడు. చిల్లర లేదు పొమ్మనే గుమాస్తా ఏ పాఠంలోనూ ఉండడు. ఎదుటివాడి జవాబు ముందే అచ్చయిపోయాక ఇక వినేదేముంది? కాంప్రహెన్షన్ సంగతీ అంతే. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వేలు పెట్టి వెతకడం, దొరికిన వాక్యాన్ని దించెయ్యడం మన బడి నేర్పిన విద్య. పేరా తిమింగలం గురించో తేయాకు గురించో తెలియకుండానే మార్కులు రాలతాయి. ఈ వేలివిద్య ఐఈఎల్‌టీఎస్ దగ్గర బెడిసికొడుతుంది. అక్కడ గంటలో 40 ప్రశ్నలు. కొన్నింటికి నిజం, అబద్ధం కాక ‘చెప్పలేదు’ అనే మూడో జవాబు కూడా ఉంటుంది. పేరాలో లేని సంగతిని లేదనాలంటే ఉన్నదంతా అర్థం కావాలి. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి దించుతాడు, పాపం?

‘వాతావరణం లేదండీ’ అంటాడాయన. మరి హిందీ ఎలా వచ్చింది? కోస్తా నుంచి వచ్చిన ఆర్నెల్లకే ఆటోవాడితో బేరమాడుతున్నాడు కదా. ఆ హిందీలో బస్సు మగవాడు, ఇల్లు ఆడది. అయినా చార్జీ తగ్గుతుంది. హిందీలో మనలాగే క్రియ చివర్న వస్తుంది కాబట్టి సులువు అంటారేమో, నిజమే, కాదనను. వీధిలో అది ఎప్పుడూ చెవిన పడుతుందన్నదీ నిజమే. కానీ అక్కడ తప్పుకి సిగ్గుపడడు. ఇంగ్లీషులో ఒక ఆర్టికల్ జారితే పంచె జారినంత కంగారు. ఈ భాష మనకి విషయం చెప్పడానికన్నా ఎదుటివాణ్ణి అదరగొట్టడానికే ఎక్కువ పనికొచ్చింది మరి. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో వెంకమ్మ ముచ్చటపడి అడిగితే గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో ‘మాట్లాడుకుంటారు’. ఒకరు పద్యం ముక్క వదిలితే ఇంకొకరు రేఖాగణితం వదులుతారు. మాటకీ మాటకీ పొంతన ఉండదు, వాళ్లకి దాని అవసరమూ లేదు. గురజాడ ఆ రోజుల్లోనే ఈ స్పోకెన్ క్లాసుని చూసేశాడనిపిస్తుంది.

ఉద్యోగం కోసం తంటాలు పడేవాణ్ణి చూసి నవ్వడమేమిటని ఎవరైనా కోప్పడవచ్చు. ఆ అవసరాన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు. నవ్వొచ్చేది ఎదుటి మనిషిని వదిలేసి అద్దంతో చేసే సంభాషణకే. అద్దం ఎన్నడూ ఎదురుప్రశ్న వెయ్యదు. సోమవారం కొత్త బ్యాచ్, డెమో ఉచితం. ఆయన ముందు బెంచీలోనే ఉంటాడు. పక్కవాడితో మాట్లాడమని మాస్టారు చెప్పగానే ఇద్దరూ ఒకేసారి ‘మైసెల్ఫ్’ అని మొదలుపెడతారు.