నరం దొరికేది నోటి మాటతో

మా రోజుల్లో భుజం ఆపరేషన్‌కి మెడలో నరాలకి మత్తు (బ్లాక్) ఇవ్వాలంటే మత్తు డాక్టరుకి వేలే ఆధారం. "తల కాస్త పైకెత్తమ్మా" అనేవాళ్లం. స్టెర్నోమాస్టాయిడ్ కండరం బిగుసుకునేది. దాని వెనక అంచు మీంచి వేలు జారిస్తే, క్రికాయిడ్ ఎత్తున, రెండు స్కెలీన్ కండరాల నడుమ సన్నటి పల్లం తగిలేది. 1970లో విన్నీ అనే మత్తు డాక్టరు చూపించిన దారి అదే. సూది మెల్లగా దింపుతూ "ఎక్కడైనా జివ్వుమందా?" అని అడిగేవాళ్లం. "భుజం దాకా షాక్ కొట్టింది డాక్టరుగారూ" అన్నారంటే నరం దొరికినట్టే.

తర్వాత నరాన్ని కరెంటుతో కదిలించి చూసే స్టిమ్యులేటర్ వచ్చింది. 1 మిల్లీ ఆంపియర్‌తో మొదలుపెట్టి, డెల్టాయిడ్ ఎగిరితే కరెంటు తగ్గించుకుంటూ వచ్చేవాళ్లం. 0.5 దగ్గర కూడా ఎగురుతుంటే మందు ఎక్కించడమే. 0.2 కన్నా తక్కువలోనూ ఎగిరితే సూది నరంలోకే దిగిందేమోనని వెనక్కి లాగేవాళ్లం. డయాఫ్రమ్ ఎగిరిందా, సూది ముందుకు పోయింది. ట్రపీజియస్ ఎగిరిందా, వెనక్కి పోయింది. ఒళ్లే దారి చెప్పేది.

ఇప్పుడు అల్ట్రాసౌండ్ ప్రోబ్ ఆనించగానే నరాల మూలాలు ట్రాఫిక్ లైట్లలా వరసగా కనబడుతున్నాయి. దాని మేలు కాదనను. మేం 30, 40 మిల్లీలీటర్లు ఎక్కించేవాళ్లం. ఆ పక్క డయాఫ్రమ్ దాదాపు ప్రతిసారీ పడిపోయేది. ఆయాసం ఉన్నవాళ్లకి ఈ బ్లాక్ ఇవ్వడానికే జంకేవాళ్లం. ఇప్పుడు 10 మిల్లీలీటర్ల లోపే పని జరుగుతోంది, ఊపిరికి ముప్పూ తగ్గింది.

నా బాధల్లా, కుర్ర డాక్టర్ల కళ్లు స్క్రీన్‌కే అతుక్కుపోవడం. పేషెంటుని ముందే నిద్రపుచ్చేసి, ఆ తర్వాత మెడలో సూది పెడతామంటారు కొందరు. పూర్తి మత్తులో ఉండగా ఈ బ్లాక్ ఇస్తే వెన్నుపాము శాశ్వతంగా దెబ్బతిన్న నలుగురి గురించి బెన్యూమాఫ్ అనే మత్తు డాక్టరు 2000లోనే రాశారు. నిద్రలో ఉన్న మనిషి "అమ్మో, నొప్పి" అని ఎలా చెబుతాడు?

పైగా ఆ అల్ట్రాసౌండ్ మెషిన్ అన్నిచోట్లా ఉంటుందా? లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్టర్ చేయించనిదే థియేటర్‌లో పెట్టుకోవడానికే లేదు. ఏరియా ఆస్పత్రిలో అర్ధరాత్రి పనికొచ్చేది చేతిలో ఉన్న విద్యే. అందుకే పీజీలకి ముందు ఆ పల్లం వేలితో పట్టడం నేర్పండి, ప్రోబ్ తర్వాత ఇవ్వండి. ఏ పరికరం వాడినా సరే, మందు ఎక్కుతున్నంతసేపూ పేషెంటుతో మాట్లాడుతూనే ఉండమనండి. నొప్పి అన్నాడంటే, స్క్రీన్ మీద బొమ్మ ఎంత చక్కగా ఉన్నా చెయ్యి ఆపాల్సిందే.