నా గొంతు నొక్కకండి

కొండ దగ్గరపడితే ‘టెరైన్, టెరైన్, పుల్ అప్’ అని కాక్‌పిట్‌లో అరిచే యంత్రాన్ని నేను. నాకు ప్రాణం పోసింది కెనడాలో పుట్టిన ఇంజనీరు డాన్ బేట్‌మన్. ఇంజన్లు బాగానే ఉండి, పైలట్ల అదుపులోనే ఉన్న విమానం కొండను గుద్దుకునే ప్రమాదాలను ఆపాలన్నదే ఆయన పట్టుదల. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలోని మౌంట్ వెదర్ మీద 92 మంది అలాగే చనిపోయాక, అమెరికా ప్రభుత్వం పెద్ద ప్రయాణికుల విమానాల్లో నన్ను తప్పనిసరి చేసింది. అప్పట్లో నా చూపు కిందికే. రేడియో ఆల్టీమీటరు కొలిచిన ఎత్తును బట్టి మాట్లాడేదాన్ని. ఎదురుగా నిటారుగా లేచిన కొండ సంగతి తెలిసేసరికి ఆలస్యమయ్యేది. 1990లలో జీపీఎస్, నేల ఎత్తుపల్లాల పటాలు తోడయ్యాయి. సోవియట్ యూనియన్ కూలాక అక్కడి పటాల సమాచారాన్ని కూడా బేట్‌మన్ సంపాదించారు. అలా నాకు ముందుచూపు వచ్చింది.

ఇంత చూపున్నా కొండల్లో ఎగిరే చిన్న విమానాలు ఇంకా కూలుతున్నాయంటే, పైలట్ల నిర్లక్ష్యమని తేల్చేయడం సులువు. అసలు లోపం నన్ను అమర్చిన తీరులో ఉందంటాను. 2016 అక్టోబరు 2న అలాస్కాలో టోగియాక్ దగ్గర ఓ సెస్నా కారవాన్ కొండను ఢీకొని ముగ్గురు చనిపోయారు. అందులో నా తోబుట్టువు ఉంది, కానీ దాని హెచ్చరికలను స్విచ్ నొక్కి ఆపేశారు. ఎందుకు? మార్గమధ్యంలో నేలకు 700 అడుగుల లోపు వస్తే అరవమని మా తరగతి యంత్రాలకు నేర్పారు. నిబంధనలేమో కంటిచూపుతో నడిపే పైలట్లను 500 అడుగుల ఎత్తులోనూ ఎగరనిచ్చాయి. చట్టాన్ని పాటిస్తూ ఎగిరినా మేం అరుస్తూనే ఉంటాం. ‘నాన్నా పులి’ కథలో పిల్లవాడు ఆడింది అబద్ధం. మాచేత మాత్రం నిబంధనే పదేపదే పులి అనిపించింది. అర్థం లేకుండా మోగే గొంతును ఎవరైనా నొక్కేస్తారు, అసలు కొండ ఎదురైన రోజున కూడా అది నొక్కేసే ఉంటుంది.

అక్కడి పైలట్లకు ప్రతి గుట్టా తెలుసు, ఇక నువ్వెందుకని అడిగేవారున్నారు. తెలిసిన గుట్టయినా మబ్బులో కనిపించదు. 2013 మార్చి 8న అలాస్కాలోని డిల్లింగ్‌హామ్‌కు సరుకుతో వస్తున్న బీచ్ 1900 మబ్బుల్లో ముక్లంగ్ కొండలను ఢీకొంది. ఇద్దరు పైలట్లూ చనిపోయారు. 2,000 అడుగులు గానీ, అంతకు పైన గానీ ఉండమన్న అస్పష్టమైన అనుమతిని వారు 2,000 అడుగులని తిరిగి చెప్పారు. కంట్రోలర్ సరిదిద్దలేదు, కొండ ప్రమాదం గురించి హెచ్చరించనూ లేదు. అనుభవం ఉన్న మనుషులే, కానీ ఒకరి పొరపాటును మరొకరు పట్టుకోలేకపోయారు. ఆ చోటనే నా అవసరం.

ప్రయాణికులు లేని విమానానికి ఇంత ఖర్చా అన్నది రెండో అభ్యంతరం. అమెరికాలో ఈ తరహా చిన్న టర్బైన్ విమానాలకు నన్ను తప్పనిసరి చేసే నిబంధన, ప్రయాణికుల సీట్లు ఆరు ఉన్నాయా లేవా అని చూస్తుంది. సీట్లు తీసి సరుకు నింపితే మినహాయింపే. చిన్న సంస్థకు ఖర్చు భారమన్నది నిజమే. కానీ రోడ్డు లేని అలాస్కా ఊళ్లకు తిండీ, మందులూ, ఉత్తరాలూ మోసేది ఈ విమానాలే. ఊరంతటి అవసరాన్ని మోసే పైలట్ల రక్షణ ఖర్చును సంస్థ ఒక్కటే ఎందుకు భరించాలి? ప్రభుత్వమూ పంచుకోవాలి. తక్కువ ఎత్తులో ఎగిరేవారికి తగ్గట్టు నా హద్దులు మార్చాలి. నన్ను ఆపినా, కాసేపటికి నేనే మళ్లీ మేలుకునే ఏర్పాటు ఉండాలి. సరుకు విమానాల్లోనూ నాకు చోటు ఇవ్వాలి, ఎందుకంటే వెనక సీట్లు లేకపోయినా ముందు కూర్చున్నది మనుషులే.