సేటు గారి తూకం

చదరంగం నేర్చుకునేవాళ్లకి మొదటే ఒక ధరల పట్టీ చెబుతారు. బంటు 1, గుర్రం 3, ఏనుగు 5, మంత్రి 9. రాజుకి మాత్రం అంకె లేదు. ఆయన వెలకట్టలేనివాడట. ఈ సంగతి మా ఊరి తాకట్టు కొట్టు సేటు గారికి చెబితే, కళ్లజోడు సర్దుకుని, "అంటే అప్పు పుట్టదన్నమాట" అన్నారు. సంసారాల్లోనూ అంతే కదా. హోదా రాజుగారిది, అప్పు పుట్టేది ఆవిడ మెళ్లో గొలుసు మీద.

సేటు గారి పట్టీ ఇంకా కర్కోటకం. నగ కొన్ననాడు బంగారానికి ధర కట్టాం, మజూరీ కట్టాం, తరుగు కట్టాం, రాళ్లకి వేరే కట్టాం. అదే నగ ఆయన త్రాసు ఎక్కేసరికి మజూరీ మాయం, రాళ్లు లెక్కలోకి రావు, వెనకాల లక్క ఉంటే దాని బరువూ తీసేస్తారు. తరుగు ఒక్కటే మిగులుతుంది, మన మొహంలో. ఆ మిగిలిన బంగారానికైనా పూర్తి విలువ ఇస్తారా అంటే, అదీ లేదు. బ్యాంకులకి రిజర్వు బ్యాంకు చాలాకాలం నూటికి 75 దగ్గర గీత గీసింది. కరోనా కాలంలో, 2020 ఆగస్టులో, జనం మీద జాలిపడి సేద్యం కాని అవసరాలకి దాన్ని 90 చేసింది. ఆ జాలికి గడువు 2021 మార్చి 31.

నా సానుభూతి అంతా బంటు మీదే. వెనక్కి నడవడం రాని ఏకైక కాయ అది. ఆరు గళ్లు క్షేమంగా దాటితే మంత్రి అయిపోతుంది, ఒకటి కాస్తా తొమ్మిది. నేను పెళ్లిలో ఏడడుగులు నడిచాను, బంటు కన్నా ఒకటి ఎక్కువే. హోదాలో మార్పేమీ కనిపించలేదు. రేపు మంత్రి కాబోతున్నాడని బంటు మీద ఇవాళ ఎవరూ అప్పివ్వరు. సేటు గారు మేనల్లుడి ఇంజనీరింగు సీటు మీద కూడా ఇవ్వలేదు, అడిగి చూశాం.

మా తాతగారి చదరంగం పెట్టె ఒకటి అటక మీద ఉండేది. దాని గతేమిటో చూద్దామని ఓ రోజు పట్టుకెళ్లాను. సేటు గారు రాజుని తిరగేసి చూశారు.

"కిరీటంలో ఏమైనా ఉందా మాస్టారూ?"

"కర్రేనండీ."

తరవాత బంట్లు లెక్కపెట్టారు. పదిహేను బంట్లు, ఒక చొక్కా గుండీ. మా ఇంట్లో ఆ గుండీ రెండు తరాలుగా బంటు ఉద్యోగం చేస్తోంది, ఒకసారి మంత్రి కూడా అయింది. సేటు గారు పెట్టె మూసేశారు. "బంటు లేని సెట్టు ఎవరు కొంటారు?" బల్ల మీద ఉన్నంతసేపూ అందరికన్నా చవక కాయ. తప్పిపోయిందా, మొత్తం పెట్టెని పట్టుకుపోతుంది.

ఉక్రోషం పట్టలేక లూయిస్ బొమ్మల కథ అందుకున్నాను. స్కాట్లాండులో లూయిస్ అనే దీవిలో 1831లో దొరికిన పాతకాలపు చదరంగం కాయలవి, చాలామటుకు వాల్‌రస్ దంతంతో చెక్కినవి. (అక్కడా రాజుకీ రాణికీ చక్కటి మొహాలు చెక్కి, బంట్లని సమాధి రాళ్లలా వదిలేశారు.) అలాంటి కాయ ఒకటి, మన ఏనుగు చోట నిలబడే భటుడు, 1964లో ఎడింబరోలో ఒక పాతసామాన్ల వర్తకుడికి అయిదు పౌండ్లకి దొరికింది. అదేమిటో తెలియక ఇంట్లోవాళ్లు ఏళ్లతరబడి సొరుగులో పడేశారు. 2019లో లండన్ వేలంలో 7,35,000 పౌండ్లకి పోయింది.

"చూశారా! ఒక్క కాయ!" అన్నాను.

సేటు గారు కాలిక్యులేటరు దగ్గరికి లాక్కున్నారు. అయిదు పౌండ్లు, నూటికి నెలకి రెండు, నెలనెలా చక్రవడ్డీ, యాభై అయిదేళ్లు. కాసేపు టకటక నొక్కి తెర నావైపు తిప్పారు. 23 లక్షల పౌండ్ల పైచిలుకు.

"బొమ్మ కొని బాగా నష్టపోయారు, పాపం."