మా మూడు రోజులు ముందే ఇప్పించగలరు

కోరుట్ల పక్క పల్లె,
2025 అక్టోబరు 3, దసరా తెల్లారి.

మహారాజశ్రీ, షార్జాలో సెలవు చిట్టీ మీద సంతకం చేసే సారు గారికి రిటైరైన బ్రాంచి పోస్టుమాస్టరు రాసుకున్న విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం కోరుతున్నాం, ముఖ్యంగా తమరి కుడిచెయ్యి క్షేమం.

తమరి పేరు నాకు తెలియదు. మా పెద్దోడు ఫోనులో "ముదీర్" అంటాడు. మా ఇంటామె "గా సంతకమాయన" అంటుంది. ఈ లేఖను కవరులో పెట్టి అంటించకుండా నలుగురూ చదివేట్టు రాస్తున్నందుకు మన్నించాలి. అంటించిన కవర్లు ఎక్కడెక్కడ ఆగుతాయో నాకు తెలిసినంత మా మండలంలో ఎవరికీ తెలియదు.

నేను కొలువులో చేరిననాడు మా దిక్కు జనం పోయేది మూడే చోట్లకు: బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి. మస్కటైనా కువైటైనా మాకు దుబాయే. తల్లులు వచ్చి పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని చెప్తుంటే నేను జాబులు రాసేవాణ్ణి. టేపురికార్డర్లు వచ్చాక జాబులు తగ్గి క్యాసెట్లు మొదలయ్యాయి. సెలవు మీద వచ్చినోని చేతికిస్తే అక్కడి గదిలో అందరూ కూడి వినేవాళ్లట, మధ్యలో కోడి కూతలతో సహా. ఒకామె క్యాసెట్టుకు ఈ వైపంతా మాట్లాడి, ఆ వైపు తిప్పించి వానలు, వడ్లు, బర్రె ఈనిన సంగతి చెప్పి, వాళ్ల నాయిన పోయిన సంగతి మాత్రం చెప్పకుండానే ఆపెయ్యమంది. "జాగ అయిపోయింది సారూ" అంది. టేపు ఇంకా సగం మిగిలే ఉంది. నేనేమీ అనలేదు.

అసలు సంగతికి వస్తాను. ఇది మా మనవడి వెంట్రుకల గురించి.

2022 సెప్టెంబరులో మా పెద్దోడు మీ దగ్గరికి బయల్దేరేనాటికి కోడలికి ఐదో నెల. పిల్లగాడు 2023 జనవరి 30న పుట్టాడు. కాన్పు కష్టమైంది. ఆ రాత్రి దవాఖాన వరండాలో మా ఇంటామె వేములవాడ రాజన్నకు మొక్కింది. పిల్లగాని పుట్టువెంట్రుకలు ఒక్కటే మొక్కితే ఈ లేఖ అవసరం లేకపోయేది. "తండ్రీకొడుకులిద్దరూ ఒక్కనాడే తలనీలాలు ఇస్తరు" అని మొక్కింది. రాజన్న విన్నాడు. వినవలసింది ఇంకా తమరే.

పుట్టువెంట్రుకలు బేసి ఏట తీయాలి సారూ. మొదటి ఏడు, లేదా మూడు, లేదా ఐదు. సరి ఏట కత్తెర పెట్టరు. ఇప్పుడు తమరి లెక్క చూద్దాం. తమరు రెండేండ్లకు 45 రోజులు ఇస్తారు. మావాడు మొదటిసారి వచ్చినప్పుడు, అంటే 2024 సెప్టెంబరు చివర, పిల్లగానికి ఇరవై నెలలు. నడిచేది రెండో ఏడు. తిరిగి నవంబరులో వెళ్లాడు. మళ్లీ రెండేండ్లంటే 2026 నవంబరు. అప్పటికి పిల్లగానికి మూడేండ్ల తొమ్మిది నెలలు దాటుతాయి, నడిచేది నాలుగో ఏడు. ఆ తర్వాతి సెలవు నాటికి ఐదు నిండి ఆరోది నడుస్తుంటుంది. నలభై ఏళ్లు మనియార్డర్ల లెక్కలు పైసా తేడా రాకుండా రాసినవాణ్ణి. ఎటు తిప్పి వేసినా సరి ఏడే వస్తోంది. తమరి సెలవుల పద్ధతి ఇట్లాగే నడిస్తే మా మనవడు జడతోనే పెండ్లిపీటల మీద కూర్చుంటాడు.

ఇప్పటికే జడ నడుం దాకా వచ్చింది. అంగన్‌వాడీలో మొదటి రోజు చూసి "బాలిక" అని రాసుకున్నారు, దిద్దించడానికి నేను రెండుసార్లు పోయాను. మొన్న సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టు ఆడపిల్లలు ఆ జడకు గునుగుపువ్వు పెట్టి వాణ్ణి కూడా తిప్పి ఆడించారు. వాడికి అదేమీ బాధ లేదు. బాగా ఆడాడు కూడా. రాత్రి ఎనిమిదింటికి చెరువుగట్టు మీద నిలబడి వాళ్ల బాపుకు చూపించాం. మీకు అప్పుడు ఆరున్నర. ఫోనులో మాకు కనిపించింది క్యాంపుకు పోయే బస్సులో ముందు సీటు వెనకభాగం, దాని పక్కన మావాడి సగం మొఖం. మీ దగ్గర వాట్సాప్‌లో కాల్ కలవదు కదా, బోటిమ్ అని వేరే ఉంది. మా ఇంటామె దాన్ని "బొట్టమ్మ" అంటుంది. బొట్టమ్మ దయ ఉంటే బొమ్మ కదులుతుంది, లేకుంటే కొడుకు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు. ఎండకాలంలో కొంచెం నయం. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మీ సర్కారు ఎండలో పని ఆపిస్తుంది, పన్నెండున్నర నుంచి మూడింటి వరకు. మాకు రెండు నుంచి నాలుగున్నర. ఆ మూడు నెలలు పిల్లగాణ్ణి పగటిపూట పడుకోనివ్వదు మా ఆమె. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, "ఇగ మోగుతది, ఇగ మోగుతది" అని వాణ్ణి కూర్చోబెడుతుంది.

45 రోజులు చాలవా అని తమరికి అనిపించవచ్చు. కిందటిసారి వాటి ఖర్చు నేను పాత అలవాటు కొద్దీ నోటుబుక్కులో రాసిపెట్టాను. జగిత్యాల వియ్యంకుల ఇంట్లో 10 రోజులు. అది వాళ్ల హక్కు, వాళ్లకూ వాడు మనవడే, కానీ పదకొండోనాడు నేనే ఆటో మాట్లాడుకుని పోయి తీసుకొచ్చాను. సిరిసిల్లలో మా బిడ్డ ఇంట్లో 3. బ్యాంకు, ఆధారు, తహశీల్దారు ఆఫీసు 5. పెండ్లిళ్లు 4. ప్రయాణాలు 2. గదిలోవాళ్లు ఇచ్చిన సామాన్లు వాళ్లవాళ్ల ఊళ్లలో ముట్టజెప్పడానికి 5. ఇక పరామర్శలు 6. రెండేండ్లలో ఎవరెవరి ఇండ్లలో చావులైనాయో అక్కడికల్లా పోయి కూర్చుని రావాలి, పోకుంటే మాట పడుతుంది. మొత్తం 35. మాకు మిగిలినవి పది. అందులో సగం వాడు నిద్రపోయాడు. నిద్రపోతే మేము లేపలేదు. వాళ్లమ్మ విసనకర్ర పట్టుకుని పక్కనే కూర్చుంది, పైన ఫ్యాను తిరుగుతున్నా.

సిరిసిల్ల అన్నాను కాబట్టి ఒక మాట. బిడ్డ అత్తగారి పెద్ద కొడుకు భివండిలో సాంచెల మీద పని. రాత్రి బస్సెక్కితే మర్నాటికి ఇంట్లో ఉంటాడు. మీ షార్జా నుంచి శంషాబాద్‌కు విమానంలో నాలుగు గంటలు కూడా పట్టదు. శంషాబాద్ నుంచి మా ఊరికి కారులో అంతకంటే ఎక్కువ పడుతుంది. లెక్కప్రకారం మా కొడుకే దగ్గర. కానీ ఆమె కొడుకు ఏటా దసరాకు వస్తాడు, మా కొడుకు ఏటా రాడు. ఆమె కొడుకు సేటుకు చెప్పి బయల్దేరుతాడు. మా కొడుకు తమరి సంతకం కోసం కూర్చుంటాడు. ఆ జిల్లావాళ్లే కొందరు దుబాయి జైల్లో దాదాపు 18 ఏళ్లు మగ్గి, 2024 ఫిబ్రవరి నాటికి ఇళ్లకు చేరారు. అన్ని దసరాలు గుమ్మంలో ఎదురుచూసిన ఇండ్ల ముందు మాది ఒక ఫిర్యాదు కాదు, వట్టి విన్నపం.

అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన ఊరు సిరిసిల్ల. అయినా మావాడు తిరిగిపోయేటప్పుడు 30 కిలోల సంచిలో వాళ్లమ్మ పెట్టాలనుకున్నదంతా పట్టించడం ఆ ఊరివాళ్ల వల్ల కూడా కాలేదు. బిడ్డ వచ్చి మూడుసార్లు సర్దింది. మామిడి తొక్కు సీసా పోతే సకినాలు పడతాయి, సకినాలు పోతే తొక్కు పడుతుంది.

పండుగలు ఎప్పుడు పడతాయో ముందే చెప్పాలి కదా అని తమరు అడగవచ్చు. న్యాయమే. మా దసరా 2024లో అక్టోబరు 12, నిన్నటిది అక్టోబరు 2, వచ్చేది అక్టోబరు 20. చంద్రుణ్ణి చూసి పండుగ చేసుకునే కష్టం మీకు వేరే చెప్పనక్కరలేదు, రంజాన్‌కు మీరూ ఆయన కోసమే ఆకాశం చూస్తారు. మీది ఏటేటా వెనక్కే జరుగుతుంది, మాది వెనక్కి జరిగి జరిగి అధికమాసం రాగానే ముందుకు దూకుతుంది, అంతే తేడా. 2026లో అధిక జ్యేష్ఠం వస్తోంది. ఇంత దూకినా తమరి నవంబరు సెలవుకు దసరా అందడం లేదు, దీపావళి కూడా నవంబరు 8నే అయిపోతోంది. ఇక నిన్నటి దసరా సంగతి. గాంధీ జయంతి నాడే పడింది, మందు దుకాణాలు బంద్. మా ఊళ్లో ఏర్పాట్లన్నీ ముందురోజే చేసుకున్నారు. గాంధీగారంతటివాని కోసం పండుగను ఒక పూట జరుపుకున్నవాళ్లం, తమరి కోసం కూడా జరుపుకుంటాం. కానీ బేసి ఏడును జరపడం మా చేతిలో లేదు.

జరపడం మీకు చేతనవుతుంది. 2022 జనవరి నుంచి మీ దేశపు కేంద్ర సర్కారు వారపు సెలవునే శుక్ర, శని నుంచి శని, ఆదివారాలకు మార్చింది. శుక్రవారం అంతటి శుక్రవారాన్ని కదిలించినవాళ్లు ఒక షట్టరింగ్ కార్పెంటరు సెలవును కదిలించలేరా?

మా ఇంటికి రెండేండ్లకోసారి వచ్చేవి రెండే, మేడారం జాతర, మా పెద్దోడు. సమ్మక్క చిలకలగుట్ట దిగి గద్దెకు వచ్చే రోజు ముందే అందరికీ తెలుసు. ఈసారి జాతర 2026 జనవరి 28 నుంచి 31 దాకా. మా దిక్కువాళ్లు ముందు వేములవాడ రాజన్నను చూసే మేడారం పోతారు. మనవడికి మూడేండ్లు నిండేది జనవరి 30న. అంటే 29 దాకా బేసి ఏడే. ఆలోపు వేములవాడలో కత్తెర పడాలి. మేనమామ జగిత్యాలలో సిద్ధంగా ఉన్నాడు. మా ఇంటి నుంచి రాజన్న గుడి ఎంతో దూరం లేదు. ఒకరోజు రావడం, ఒకరోజు మొక్కు, ఒకరోజు పోవడం. మూడు రోజులు చాలు.

ఆ మూడు రోజులు ఎక్కడివి అంటారా? మీ చట్టంలోనే ఉన్నాయి. 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం. 2022 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. కోరుట్లలో ఇంటర్నెట్ పిల్లవాని చేత చదివించుకున్నాను. బిడ్డ పుడితే ఆరునెలల లోపు తండ్రికి ఐదు పనిదినాలు. ఆ సంగతి అప్పుడు మాకు తెలియదు, మావాడికీ తెలియదు, పోయినవి పోయాయి. అందులోనే ఇంకోటి ఉంది. భార్య చనిపోతే ఐదు రోజులు. తల్లి, తండ్రి, బిడ్డ, తోబుట్టువు, మనవడు, తాత, అవ్వ, ఎవరు చనిపోయినా మూడు రోజులు, జీతంతో.

ఈ ముక్క నేను నాలుగుసార్లు చదివించుకున్నాను. అంటే నేను పోతే మావాడికి మూడు రోజులు ఇవ్వక తప్పదు. అవి నా పేరు మీద మీ దగ్గర జమ ఉన్నాయి. నాకు 68. ఆ మూడు రోజులు నేను కళ్లతో చూడను, నాకు పనికిరావు. కనుక అయ్యా, వాటిని ముందుగానే విడుదల చేయగలరు. నేను పోయిననాడు మావాడు మళ్లీ సెలవు అడగడని కాగితం రాసిస్తాను. చితికి నిప్పు చిన్నోడు పెడతాడు, వాడు మెట్‌పల్లిలోనే ఉంటాడు. మావాడు బొట్టమ్మలో చూస్తాడు.

ఇంకా ఏమైనా ఇబ్బంది ఉంటే, మా తపాలా శాఖలో ఒక రివాజు ఉంది. బ్రాంచి పోస్టుమాస్టరుకు సెలవు కావాలంటే బదులు మనిషిని తనే చూపించాలి. మా నాయిన పోయిననాడు కూడా బదులు మనిషిని కూర్చోబెట్టాకే తాళంచెవి ఇచ్చి ఇంటికి పరుగెత్తాను. మీదీ అదే పద్ధతి అయితే ఆ మూడు రోజులు వాని బదులు నేనే వస్తాను. పలకలు మోయలేను కానీ వంగిన మేకులు ఏరి సాపు చేసిపెడతాను. పాస్‌పోర్టు ఉంది. ఎనిమిదేండ్ల కింద తీయించుకున్నదే, పనిబడలేదు.

పై విషయములు దయతో పరిశీలించి తగు ఉత్తర్వులు దయచేయించగలరని ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు.

తా.క.: సాక్షి సంతకం కోసం ఈ కాగితం మా ఇంటామెకు చదివి వినిపించాను. పెట్టనంది. "నీ ఒక్కనియేనా మూడు రోజులు? నేను చచ్చినా మూడే గద? నాయి కూడ రాయి" అంది. కనుక ఆమెవి మూడు, నావి మూడు, మొత్తం ఆరు రోజులుగా సవరించి చదువుకోగలరు. జగిత్యాల వియ్యంకుడు ఫోను చేసి తనవి కూడా కలపమన్నాడు, కానీ మామ పేరు మీ చట్టంలో లేదని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. ఆరు రోజులు ఖాయమైతే ఆ మాట సంక్రాంతికి ముందే చెప్పమంటోంది మా ఆమె. సకినాలకు ఎన్ని శేర్ల బియ్యం నానబెట్టాలో దాన్నిబట్టి చూసుకుంటుందట.